ఎత్తు ఆరడుగులు, భర్త ఫుట్‌బాలర్, ఆట వివరాలు త్వరలో

మొన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్ తీసి, సెర్బియా టెన్నిస్ క్రీడాకారిణి అనా ఇవనోవిచ్ కెరీర్ గురించి వెతికాను. తప్పు నాదే. వచ్చిన జవాబులు వరసగా ఇవి: ఎత్తు ఎంత, భర్త ఎవరు, ఆస్తి ఎంత, ఇప్పుడు ఎలా ఉంది. ఆ కింద ఫొటోల దండ. పరిశోధన కోసం ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్లాను (నవ్వకండి, పరిశోధన కోసమే). పదమూడో ఫొటో దాకా రాకెట్ కనిపించలేదు. పదమూడో దాంట్లో ఒక మూలన పిడి మాత్రం కనిపించింది. కత్తిరించడం మరిచిపోయినట్టున్నారు, పాపం.

నాకిప్పుడు అర్థమైంది. ఆడవాళ్లు ఆట మానేయగానే వాళ్ల కెరీర్‌ను ఒక తూనికలు, కొలతల శాఖకు అప్పగిస్తారు. ఆ శాఖలో ఉన్నవి మూడే రాళ్లు. ఒకటి మొహం, రెండు మొగుడు, మూడు గ్రాండ్‌స్లామ్‌ల (టెన్నిస్‌లో నాలుగు అతిపెద్ద టోర్నీల) లెక్క. అనాకు మొదటి రెండు రాళ్లతో త్రాసు బాగానే మొగ్గింది. మూడో రాయి దగ్గరే పెదవి విరిచారు. 2008 ఫ్రెంచ్ ఓపెన్. ఒక్కటే. "ఒక్కటేనా?" అని అడిగేవాడు జీవితంలో అపార్ట్‌మెంట్ క్యారమ్స్ పోటీలో మొదటి రౌండ్ కూడా దాటి ఉండడు. అది వేరే సంగతి.

ఈ శాఖ ఇన్‌స్పెక్టరుగారు 1990లలో అనా పెరిగిన ఊరు, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌కు తనిఖీకి వెళ్లి ఉంటే ఎలా ఉండేదో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. చలికాలం. యుగోస్లావియా దేశం విడిపోతోంది, ఆంక్షలు, చేతిలో డబ్బుల్లేవు. ఈతకొలను నీళ్లు వేడి చేసే స్తోమత లేక, నీళ్లన్నీ తీసేసి, అడుగున తివాచీ పరిచి టెన్నిస్ కోర్టులు గీశారు. సార్ కొలను నిచ్చెన పట్టుకుని, బూట్లు జారకుండా, టేపూ ఫారమూ చంకలో పెట్టుకుని కిందికి దిగారు.

"ఏమయ్యా, ఇది కొలనా, కోర్టా?"

"రెండూనండి," అన్నాడు కోచ్.

"రెండూ అంటే కుదరదు. ఫారంలో ఒకటే గడి ఉంది. సరే, కొలను అని రాస్తున్నాను. ఈ పాప ఎవరు?"

"అనా అండి. ఐదేళ్లప్పుడు టీవీలో టెన్నిస్ తార మోనికా సెలెస్‌ను చూసింది. టెన్నిస్ స్కూలు ప్రకటన వస్తే ఆ ఫోన్ నంబరు కంఠతా పట్టేసి, ఇంట్లోవాళ్ల ప్రాణం తీసి చేరింది."

"నంబరు కంఠతా పట్టడానికి గడి లేదు. ఎందుకు బంతిని అలా గీత వెంబడే నేరుగా కొడుతోంది? కోర్టుకు అడ్డంగా కొట్టడం రాదా?"

"పక్కనే కొలను గోడండి. అడ్డంగా కొట్టే చోటు లేదు."

"గోడకు కూడా గడి లేదు. కాబోయే భర్త పేరు?"

"పసిపిల్లండీ!"

"అయితే ఖాళీగా ఉంచుతాను. 2016లో వెనిస్‌లో పెళ్లప్పుడు నింపేద్దాం. మిగతా ఫారం ఎలాగూ ఎవరూ చదవరు." అని నిచ్చెనెక్కి, పైనుంచి ఇంకోసారి వంగి, "అన్నట్టు, పాపవి ఫొటోలేమైనా ఉన్నాయా?" అని అడిగి వెళ్లిపోయారు.

1999 మార్చిలో నాటో విమానాలు వచ్చాయి. 78 రోజులు బెల్‌గ్రేడ్ మీద, ఆ దేశం మీద బాంబులు. అనాకు పదకొండేళ్లు. బాంబులు పడే వేళలకు ముందే ముగిద్దామని పొద్దున్నే వెళ్లి ప్రాక్టీసు చేసేది. మీ ఇంట్లో పదకొండేళ్ల పిల్ల ఉంటే ఒక్కసారి ఆమెను చూడండి. పొద్దున లేపి, రాకెట్ చేతికిచ్చి, "తొందరగా వచ్చేయమ్మా, పైనుంచి బాంబులు పడతాయి" అని పంపగలరా? అలాంటి పిల్ల 2008 జూన్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్లో అవతలివైపు ఉన్నది కూడా బెల్‌గ్రేడ్ పిల్లే, యెలెనా యాంకోవిచ్. గెలిచినవాళ్లకే ఫైనల్, గెలిచినవాళ్లకే నంబర్ వన్. అనా 6-4, 3-6, 6-4తో నెగ్గింది. ఫైనల్లో రష్యా అమ్మాయి దినారా సఫీనాను ఓడించింది. కొన్ని వారాలకు యాంకోవిచ్ కూడా నంబర్ వన్ అయింది. ఖాళీ కొలనులో ఆడుకునే దేశం నుంచి ఒకే ఏడాదిలో ఇద్దరు! దీనికీ గడి లేదు. ఉండదు. "అందమైన టెన్నిస్ తారలు" అన్న గడి మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. సిగ్గు కూడా వేయదు వీళ్లకు.

ఆ తర్వాత పడిపోయిందిగా అంటారు. పడింది. చేతి బొటనవేలు గాయం, అదే ఏడాది యూఎస్ ఓపెన్ రెండో రౌండ్లోనే 188వ ర్యాంకు అమ్మాయి చేతిలో ఓటమి, 2010కి ర్యాంకు 65. అన్నిటికన్నా సర్వీసు టాస్. బంతి పైకి వేస్తుంది, అది చెప్పిన మాట వినదు, పట్టుకుంటుంది, "సారీ" అంటుంది. మళ్లీ వేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ సారీ. స్టేడియం గుసగుసలాడుతుంది. ఆ వీడియోలు చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటాను. కానీ వేల మంది ముందు తన చేయే తన మాట వినకపోతే, మనమైతే రెండో సారీకే ఇంటికి పోయి తలుపేసుకుంటాం. ఈమె నాలుగేళ్లు అలాగే బంతి పైకి వేస్తూనే ఉంది. 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి సెట్ పోయాక సెరీనా విలియమ్స్‌ను 4-6, 6-3, 6-3తో ఓడించింది. ఆ ఏడాది నాలుగు టైటిళ్లు, మళ్లీ మొదటి ఐదుగురిలోకి. మొత్తం 15 టైటిళ్లు.

ఇక 2016లో పెళ్లాడిన భర్తగారి సంగతి. బాస్టియన్ ష్వైన్‌స్టైగర్, జర్మనీ ఫుట్‌బాల్ వీరుడు, నాకేమీ పేచీ లేదు. ఆయన వరల్డ్ కప్ గెలిచింది ఎన్నిసార్లు? ఒక్కటంటే ఒక్కసారి, 2014లో. యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్? అదీ ఒక్కసారే. "ఒక్క కప్పు మనిషి" అని ఎవరైనా అన్నారా? ఆయన ఫొటోల్లో బంతిని కత్తిరించి బుగ్గలు మాత్రమే చూపించారా?

2016 డిసెంబర్ 28న, 29 ఏళ్ల వయసులో, తను తనకు పెట్టుకున్న స్థాయిలో ఇక ఆడలేనని చెప్పి తప్పుకుంది.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మళ్లీ ఫోన్ తీశాను. ఈసారి జాగ్రత్తగా "అనా ఇవనోవిచ్ ఫోర్‌హ్యాండ్" అని కొట్టాను. "మీరు వెతుకుతున్నది అనా ఇవనోవిచ్ హజ్బెండ్ గురించా?" అని అడిగింది.