పాస్ శాతం సరే, ఆ పిల్లలు ఏమయ్యారు?

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనపై ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక చదివితే ఎవరికైనా కడుపు మండుతుంది. 2015 నుంచి 2022 వరకు మూడు విడతలుగా నడిచిన ఆ నైపుణ్య శిక్షణ పథకంలో 94 శాతానికి పైగా అభ్యర్థులకు బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీయో తప్ప సరైన వివరాలు లేవని ఆడిటర్లు తేల్చారు. ఒకే ఫొటో పలువురు లబ్ధిదారుల పేర్ల పక్కన కనిపించింది. స్వల్పకాలిక శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ అందుకున్నవారిలో ఉపాధి దొరికింది 41 శాతం మందికే. వేల కోట్లు ఖర్చుపెట్టాక, ఏళ్లు గడిచాక బయటపడిన నిజాలివి. అయినా ఇక్కడ చెన్నైలో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

అది కేంద్ర పథకం, బడి దాటిన యువతకు ఇచ్చే శిక్షణ, మన స్కూళ్లకేం సంబంధం అని కొట్టిపారేస్తే కుదరదు. అక్కడ ఆలస్యంగానైనా ఒక ఆడిటర్ వెళ్లి శిక్షణ పొందినవాళ్లు ఏమయ్యారని అడిగాడు. మన హయ్యర్ సెకండరీ స్కూళ్లలో ఒకేషనల్ గ్రూపు, అంటే వృత్తి విద్య, చదివి బయటికొచ్చిన పిల్లల గురించి ఆ మాట అడిగే నాథుడే లేడు.

తమిళనాడులో ప్లస్ టూ ఫలితాల రోజు ఎలా ఉంటుందో పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 మే 8న మొత్తం ఉత్తీర్ణత 95.03 శాతమన్నారు. అమ్మాయిలు 96.70, అబ్బాయిలు 93.16. అరియలూరు జిల్లా మొదటి స్థానం. ప్రభుత్వ స్కూళ్లెన్ని, ఎయిడెడ్ ఎన్ని, ఏ సబ్జెక్టులో ఎందరికి నూటికి నూరు వచ్చాయి, సైన్స్ గ్రూపు ఎంత, కామర్స్ ఎంత, ఒకేషనల్ ఎంత, అన్నీ దశాంశ స్థానాలతో సహా చెబుతారు. ఒక్క పరీక్షను ఇన్ని కోణాల్లో కొలిచే శాఖ, ముందు ఏడాది ఒకేషనల్ గ్రూపులో పాసైన పిల్లలు ఇప్పుడెక్కడున్నారో మాత్రం ఆ కాగితంలో ఒక్క వరుస కూడా రాయదు. కాలేజీలో చేరారా? అప్రెంటిస్‌గా ఉన్నారా? కూలికి వెళ్తున్నారా? ఇంట్లో కూర్చున్నారా? మార్కుల విషయంలో ఇంత పట్టింపు ఉన్నవాళ్లకు, పిల్లల బతుకు విషయంలో ఇంత మౌనం ఎందుకు?

ఇది నిన్న మొన్నటి నిర్లక్ష్యం కాదు. తమిళనాడులో ప్లస్ టూ మొదలైందే 1978లో, ఒకేషనల్ గ్రూపుతో కలిపి. దేశంలో హయ్యర్ సెకండరీని వృత్తుల వైపు ఎలా తిప్పాలో చెబుతూ అదే ఏడాది నివేదిక ఇచ్చిన కమిటీకి అధ్యక్షుడు మాల్కం ఆదిశేషయ్య. అడయారులోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ స్థాపకుడు ఆయనే. అంటే ఈ ఆలోచనకు మన ఊరు పుట్టిల్లు లాంటిది. ఆ తర్వాత 1986 జాతీయ విద్యా విధానం, 1995 నాటికి హయ్యర్ సెకండరీ పిల్లల్లో 25 శాతం ఒకేషనల్‌లో ఉండాలంది. 1992లో ఆ గడువును 2000కు జరిపారు. 2020 విధానం ఇంకా ముందుకెళ్లి, 2025 కల్లా కనీసం 50 శాతం విద్యార్థులకు వృత్తి విద్యతో పరిచయం కలగాలంది. 2025 కూడా వెళ్లిపోయింది. గమనించండి, ఈ లక్ష్యాలన్నీ ఎందరు చేరాలన్న దాని గురించే. చేరినవాళ్లు ఏమవ్వాలన్న దానికి ఒక్క అంకె లేదు. గడువు మీద గడువు జరిపారు గానీ, చేరిన పిల్లాడికి ఏం ఒరిగిందని ఎవరూ చూడలేదు.

కేంద్ర విధానాన్ని తమిళనాడు ఒప్పుకోలేదు, ఆ గొడవలో స్కూళ్లకు కేంద్రం డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద రావాల్సిన 2,152 కోట్లు ఆగిపోయాయి. పిల్లల చదువు డబ్బు ఆపడం తప్పు, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఢిల్లీతో పోరాటం ఇక్కడ లెక్క చెప్పకపోవడానికి సాకు కాకూడదు. ఒకేషనల్ గ్రూపు 2020లో ఢిల్లీ తెచ్చి మన నెత్తిన రుద్దింది కాదు, నాలుగు దశాబ్దాలకు పైగా మనమే నడుపుతున్నది.

స్కూలు తనిఖీ ఎలా ఉంటుందో టీచర్లను అడిగితే చెబుతారు. హాజరు పట్టిక, రికార్డు నోట్‌బుక్, స్టాక్ రిజిస్టరు. రిజిస్టరులో లేత్ మెషిన్ ఉందంటే ఆ పని అయిపోయినట్టే. ఆ మెషిన్ తిరుగుతోందా, చక్‌లో కడ్డీ బిగించి పిల్లాడు చివరిసారి పని చేసిందెప్పుడు, వాడికి వెర్నియర్ కాలిపర్ మీద రీడింగ్ చూడటం వచ్చా అన్నది ఎవరి కాగితంలోనూ ఉండదు. అంబత్తూరు ఎస్టేట్‌లో చిన్న షెడ్డు నడిపే యజమాని మాత్రం మొదట చూసేది అదే. కుర్రాడి చేతికి కాలిపర్ ఇస్తాడు, కొలత సరిగ్గా చెబితే ఉంచుకుంటాడు, లేకపోతే పంపించేస్తాడు. రెండేళ్లు చదివిన చదువు అక్కడ రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ ఫలితం మళ్లీ ఆ స్కూలుకు చేరే దారి లేదు.

అమెరికాలో అన్నీ బాగున్నాయని మేం అనం. కానీ ఈ ఒక్క విషయంలో అక్కడి చట్టం చూడదగ్గది. 1984లో వచ్చి, 2018లో తాజాగా సవరించిన పెర్కిన్స్ చట్టం కింద అక్కడి కేంద్ర ప్రభుత్వం ఏటా సుమారు 140 కోట్ల డాలర్లు వృత్తి, సాంకేతిక విద్యకు ఇస్తుంది. రాష్ట్రాల ద్వారా ఆ డబ్బు అందుకునే స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే అక్కడ స్కూళ్లను నడిపే స్థానిక సంస్థలు, లెక్క చెప్పి తీరాలి. ఏదో ఒక క్లాసులో కూర్చుని వచ్చినవాళ్లనల్లా కలిపి సంఖ్య పెంచుకోవడం కుదరదు, ఒకే ప్రోగ్రామ్‌లో కనీసం రెండు కోర్సులు పూర్తిచేసినవాళ్లనే చూస్తారు. ఆ పిల్లలు హైస్కూలు పూర్తిచేశారా, చదువులో ఎలా ఉన్నారు, బయటికొచ్చాక రెండో త్రైమాసికానికి పైచదువులో ఉన్నారా, శిక్షణలోనా, సైన్యంలోనా, ఉద్యోగంలోనా అన్నది చెప్పాలి. పెట్టుకున్న లక్ష్యంలో 90 శాతానికైనా చేరకపోతే ఎలా సరిదిద్దుకుంటారో ప్రణాళిక రాసివ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ అంకెలను ఆడ, మగ, జాతి, వైకల్యం, పేదరికం వారీగా విడదీసి చూపాలి. లక్ష్యాలను రాష్ట్రాలే పెట్టుకుంటాయి కాబట్టి తక్కువగా పెట్టుకుని గట్టెక్కే వీలుందన్న విమర్శ అక్కడా ఉంది. ఉండనీండి. పిల్లలు ఏమయ్యారన్న ప్రశ్న అక్కడ చట్టంలో ఉంది, మన దగ్గర ఎక్కడుంది?

అంత దూరం వెళ్లి వెతకడం కష్టమండీ, ప్లస్ టూ దాటిన పిల్లల్ని ఎవరు పట్టుకుంటారు అని అధికారులు అనవచ్చు. ఆ మాట నిలవదు. ఈ రాష్ట్రంలో ప్రతి స్కూలు పిల్లకూ ఎమిస్ నంబరు, అంటే విద్యాశాఖ కంప్యూటర్ రికార్డులో ఒక గుర్తింపు సంఖ్య, ఉంది. ప్రభుత్వ స్కూల్లో చదివి కాలేజీకో, డిప్లొమాకో, ఐటీఐకో వెళ్లిన అమ్మాయికి 2022 నుంచి పుదుమై పెణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడుతోంది. 2024 నుంచి అబ్బాయిలకూ తమిళ్ పుదల్వన్ పేరుతో అంతే ఇస్తున్నారు. ఆరో తరగతి నుంచి ఏ స్కూల్లో చదివారో, ఇప్పుడు ఏ కాలేజీలో ఉన్నారో చూసుకోకుండా ఆ డబ్బు వేయరు కదా? ప్లస్ టూ తర్వాత కాలేజీలో చేరని పిల్లల్ని వెతికి పిలిచి 'ఉయర్వుక్కు పడి' శిబిరాలూ పెట్టారు. అవి మంచి పనులు, మేం మెచ్చుకున్నవే. అంటే పిల్లల వెంట వెళ్లడం ఈ ప్రభుత్వ యంత్రాంగానికి చేతనవుతుందని ఎప్పుడో రుజువైంది. చేతనై కూడా ఒకేషనల్ పిల్లల దగ్గరికొచ్చేసరికి చెయ్యకపోవడమే మా ఆరోపణ.

ఇంకో సంగతి. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి, ప్లస్ టూ ఒకేషనల్ చదివినవాళ్లకు కంపెనీల్లో ఏడాది అప్రెంటిస్ శిక్షణ పొందే దారి తెరిచారు. దక్షిణాది రాష్ట్రాలకు ఆ పని చూసే బోర్డు ఆఫీసు ఎక్కడో లేదు, మన తరమణిలోనే ఉంది. స్కూళ్ల జాబితా విద్యాశాఖ దగ్గర, అప్రెంటిస్‌ల జాబితా తరమణిలో. ఈ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడటానికి రాకెట్ సైన్స్ అక్కర్లేదు, పూనుకునే మనిషి కావాలి.

ఇక అసలు విషయానికి వస్తాం. తమిళనాడులో వృత్తి విద్య అనగానే పెద్దలు ఉలిక్కిపడటానికి కారణం ఉంది. 1953లో, ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక స్కూలు పిల్లలకు సగం పూట చదువు, మిగతా సగం ఇంటి వృత్తి అని ఒక పద్ధతి తెచ్చింది. అది కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు. 1954లో రాజాజీ దిగిపోయి కామరాజ్ వచ్చాక దాన్ని ఎత్తేశారు. ఆ తిరుగుబాటు న్యాయమైనది. ఆ జ్ఞాపకం ఇప్పటికీ ఈ రాష్ట్ర రాజకీయాల్లో ఉండటమూ మంచిదే. కానీ ఆ జ్ఞాపకాన్ని నిజంగా గౌరవించేవాళ్లు మొదట అడగాల్సింది ఒకేషనల్ గ్రూపులోకి ఎవరిని పంపుతున్నారనే కదా! పదో తరగతిలో మార్కులు తక్కువొచ్చిన పిల్లల్ని, 'నువ్వు సైన్స్ మోయలేవు' అని ఒకేషనల్ బెంచీ మీద కూర్చోబెట్టడం అందరికీ తెలిసిన ఆనవాయితీ. ఆ బెంచీ మీద కూర్చున్నది ఏ ఇళ్ల పిల్లలు? అక్కడి నుంచి లేచి ఎక్కడికి వెళ్లారు? కులం వారీగా, ఆడ, మగ వారీగా ఆ లెక్క బయటపెట్టకుండా సామాజిక న్యాయం గురించి మాట్లాడితే దాన్ని ద్వంద్వ నీతి అనక ఇంకేమనాలి?

తెలుగువాళ్లుగా ఇది మనకు మరీ దగ్గరి విషయం. ఉత్తర చెన్నైలో, వ్యాసర్పాడి, పులియంతోపు వైపు, తరతరాలుగా ఈ నగరం చెత్త ఎత్తుతూ, కాలవలు శుభ్రం చేస్తూ వచ్చిన తెలుగు దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో తల్లి కోరేది ఒక్కటే, చీపురు తనతోనే ఆగిపోవాలని. కార్పొరేషన్ స్కూల్లో చదివే బిడ్డకు నర్సింగ్ గ్రూపో, ఎలక్ట్రికల్ గ్రూపో దొరికితే ఆమె సంతోషిస్తుంది. 'ఇది చదివితే పని దొరుకుతుందా సార్?' అని హెడ్మాస్టర్‌ను అడుగుతుంది. ఆయన ఏం చెప్పగలడు? ఈ స్కూల్లో ఇదే గ్రూపు చదివిన గత మూడు బ్యాచ్‌ల పిల్లలు ఏమయ్యారో ఆయనకే ఎవరూ చెప్పలేదు. 'బాగా చదివితే దొరుకుతుందమ్మా' అంటాడు. ఆ మాట నమ్మి ఆమె బిడ్డ రెండేళ్లు పెడుతుంది. కాగ్ నివేదికలోని ఖాళీ గడి కంటే ఇది మాకు పెద్ద మోసంగా కనిపిస్తోంది.

టీచర్లకు ఎమిస్ నింపడంతోనే సరిపోతోంది, ఇంకో ఫారం పెట్టొద్దని సంఘాలంటున్నాయి. అంకెలు అడిగితే దొంగ అంకెలు వస్తాయని, చదువుకు ఉద్యోగమొక్కటే కొలమానం కాదని విద్యావేత్తలంటారు. నిజమే. అందుకే టీచర్ చేత నింపించొద్దంటున్నాం. ఉన్న రికార్డులు శాఖే కలిపి చూడాలి, కొందరు పిల్లలకు నేరుగా ఫోన్ చేసి సరిచూడాలి. పైచదువుకు వెళ్లినా అది మంచి ఫలితమే, ఎవరూ కాదనరు. అంతకు మించి ఈ వాదనల్లో పస లేదు. ఉద్యోగమే కొలమానం కాదన్నవాళ్లు, మార్కులే కొలమానంగా నడుస్తున్న ఫలితాల రోజును ఇన్నేళ్లుగా ఎందుకు భరించారు?

కొలవకపోవడం టీచర్లకూ మేలు చేయలేదు. ఒకేషనల్ టీచర్ రిటైరైతే ఆ పోస్టు భర్తీ కాదు, కొన్నాళ్లకు ఆ గ్రూపే కనుమరుగవుతుంది. రాష్ట్రంలో ఎన్నో స్కూళ్లలో జరిగిందిదే. అలా పోయినవాటిలో పిల్లలకు అన్నం పెట్టినవెన్ని, ఉత్త కాగితం మీద నడిచినవెన్ని? లెక్క లేదు కాబట్టి మంచి గ్రూపును కాపాడుకునే ఆధారం టీచర్ల చేతిలోనూ లేకుండా పోయింది. ఇటు ఒరగడం, శ్రీపెరంబుదూరులో కార్ల ఫ్యాక్టరీలు, అటు సరిహద్దు దాటితే శ్రీసిటీ. పని తెలిసిన చేతుల కోసం చూసే కంపెనీలు చుట్టూ ఉండగా, మధ్యలో ఉన్న నగరం తన స్కూళ్లలో పని నేర్చిన పిల్లల ఆచూకీ తెలియక కూర్చుంది.

ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, విద్యాశాఖకు మేం చెప్పేది ఇదే. ఈసారి ప్లస్ టూ ఫలితాల కాగితంలో ఒకేషనల్ పాస్ శాతం పక్కనే, ముందు ఏడాది బ్యాచ్‌లో ఎందరు చదువులో ఉన్నారు, ఎందరు అప్రెంటిస్‌లో, ఎందరు పనిలో, ఎందరి ఆచూకీ దొరకలేదు అన్నది జిల్లాల వారీగా, వర్గాల వారీగా రాయండి. ఆచూకీ దొరకనివాళ్ల సంఖ్య పెద్దదైనా సరే, దాచకుండా రాయండి. సిగ్గుపడాల్సింది ఆ అంకెను చూసి కాదు, నలభై ఏళ్లకు పైగా దాన్ని వెతకనందుకు. ఆ లెక్క బయటికొచ్చేదాకా ఇంకొక్క ఒకేషనల్ గ్రూపును కూడా మూసే అధికారం మీకు లేదు. పిల్లల్ని చేర్చుకుని, పరీక్ష రాయించి, పాస్ శాతం ప్రకటించుకుని, ఆ తర్వాత వాళ్ల మొహం చూడకుండా తిరిగే అధికారం అసలే లేదు.