మేనేజర్ కావలెను, సంతకం మాత్రం మాదే

జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో పంపులు చేసే ఓ మోస్తరు ఫ్యాక్టరీ యజమానికి ఏదో ఒక శుభముహూర్తాన జ్ఞానోదయం అవుతుంది: తనకూ ఒక సప్లై చెయిన్ మేనేజర్, అంటే సరుకు కొనుగోలు నుంచి చేరవేత దాకా చూసుకునేవాడు, ఉండాలని. 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువకు అడ్డం పడి ఆరు రోజులు దారి మూసేసినప్పుడు ఆ మాట టీవీలో విని మనసులో పెట్టుకున్నారు. అంతవరకు కొనుగోళ్లు బావమరిది చూసేవాడు. ఇకముందూ ఆయనే చూస్తాడు. కొత్తగా వచ్చేవాడు ఆయన్ని చూసుకుంటే చాలు.

ఈ నియామకాల తీరును శ్రద్ధగా గమనిస్తున్నవాణ్ని కాబట్టి, యజమానులకు నాలుగు మాటలు చెప్పడం నా ధర్మం. ప్రకటనలో మొహమాటం పనికిరాదు. ఇంజినీరింగ్, ఎంబీఏ, పదిహేనేళ్ల అనుభవం, ఎస్‌ఏపీ (కొనుగోళ్లు, నిల్వల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) మీద పట్టు, వయసు ముప్ఫై లోపు. కంపెనీలో ఎస్‌ఏపీ లేని మాట నిజమే. స్టోర్ కీపర్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, దాని చివరి పేజీల్లో ఆయన చిట్టీ లెక్కలున్నాయి. అయినా అడగడంలో తప్పేముంది? పెళ్లిచూపుల్లో సంగీతం వచ్చా అని అడిగినవాళ్లంతా ఇంట్లో కచేరీలు పెట్టించారా?

ఇంటర్వ్యూలో అభ్యర్థి "స్టాక్ ఎంత ఉంటుంది సార్?" అని అడిగితే విసుక్కోకుండా స్టోర్ చూపించండి. 6204 నంబర్ బేరింగులు అట్టపెట్టెల్లో రేకుల కప్పు దాకా పేర్చి ఉంటాయి. డిస్కౌంట్ ఇస్తున్నారని దసరాకి బావమరిది కొన్నవి. ఇప్పుడు వాడుతున్న లెక్కన ఆయన మనవళ్ల కాలానికి అయిపోవచ్చు. గోడకి అవతల అసెంబ్లీలో పంపులు మాత్రం బారులు తీరి ఆగి ఉంటాయి, గ్లాండ్ రోప్ (పంపులో నీరు కారకుండా చుట్టే తాడు) లేదు కాబట్టి. రాణిగంజ్ వెళ్తే గంటలో దొరికే సరుకు. తెచ్చే కుర్రాడు యజమానిగారి అబ్బాయిని ట్యూషన్‌కి దింపడానికి వెళ్లాడు.

ఇదంతా చూసి "ఏబీసీ ఎనాలిసిస్ చేద్దాం సార్" అన్నాడంటే, అంటే విలువను బట్టి సరుకును మూడు తరగతులుగా విడదీద్దామన్నాడంటే, చదువుకున్నవాడే. "ఇవి ఎవరు కొన్నారు?" అన్నాడంటే పనికిరాడు. టీ ఇచ్చి పంపించేయండి.

జస్ట్ ఇన్ టైమ్ గురించి, అంటే నిల్వలు పెట్టుకోకుండా సరిగ్గా అవసరమైన వేళకే సరుకు తెప్పించుకునే పద్ధతి గురించి, కూడా అడగాలి. యజమానిగారు ఏదో హోటల్లో ఒకరోజు సెమినార్‌కి వెళ్లి టయోటా కథ విని వచ్చారు. లైన్ ఆగాక ఆర్డర్ పెట్టడమే ఆ పద్ధతి అని అర్థమైంది. 2011 జపాన్ భూకంపం తర్వాత అదే టయోటా, చిప్‌ల విషయంలో నెలల తరబడి సరిపడా నిల్వ ఉంచమని సప్లయర్లకు చెప్పిన సంగతి బహుశా భోజనాల తర్వాత చెప్పి ఉంటారు.

ఇక అసలు విషయం, డబ్బు. 2023 బడ్జెట్‌లో ఒక నిబంధన తెచ్చారు. సూక్ష్మ, చిన్న తయారీదారుల దగ్గర సరుకు కొంటే రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పుడు గరిష్ఠంగా 45 రోజుల్లో, లేనప్పుడు 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. గడువు దాటితే ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే, పన్ను లెక్కలో, ఆదాయంలోంచి తగ్గించుకోవాలి. ఎంత దారుణం! తీసుకున్న సరుకుకి డబ్బు కట్టమంటున్నారు. అయితే రోజుల లెక్క సరుకును అంగీకరించిన నాటి నుంచి మొదలవుతుంది కదా, మేనేజర్ ప్రతిభ అక్కడే బయటపడాలి. ఫౌండ్రీ నుంచి వచ్చిన కాస్టింగులు, అంటే పోతపోసిన లోహపు భాగాలు, మెషినింగ్ అయి, పెయింట్ అయి, పంపులై లారీ ఎక్కిన తర్వాత కూడా "ఇంకా క్వాలిటీ చెకింగ్‌లో ఉన్నాయండీ" అని తొణక్కుండా చెప్పగలగాలి.

విసిగిపోయి ఆ ఫౌండ్రీవాడు సరుకు ఆపేస్తాడు. ఫౌండ్రీ పక్క వీధిలోనే ఉంది. కస్టమర్‌కి మాత్రం ఎర్ర సముద్రం గురించి చెప్పాలి: 2023 చివర్లో యెమెన్ హౌతీల దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చిందని, ఆ ప్రభావం ఇంకా వదల్లేదని. పక్క వీధి నుంచి జీడిమెట్లకి కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా దారేమిటని ఏ కస్టమరూ ఇంతవరకు అడగలేదు.

అధికారాల సంగతి ముందే తేల్చేయండి. కోట్ల రూపాయల సరఫరాకి మేనేజరే బాధ్యుడు. రెండు వేలు దాటిన బిల్లు మీద సంతకం యజమానిగారిది. చెక్‌బుక్ ఆయన సొరుగులో, సొరుగు తాళం ఆయన జేబులో, ఆయన తిరుమలలో. దర్శనానికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి లైన్‌లో దొరకరు. ఆ రెండు రోజులూ సప్లై చెయిన్ పూర్తిగా దేవుడి చేతుల్లో ఉంటుంది. నిజం చెప్పాలంటే, ఆ రెండు రోజులూ ఫ్యాక్టరీలో పెద్ద తేడా ఏమీ కనిపించదు.

చేరిన రోజున మేనేజర్‌కి విజిటింగ్ కార్డులు, ఒక కుర్చీ, ఒక సిమ్ ఇస్తారు. పాత బాకీల వాళ్లందరికీ బావమరిది ఇచ్చిన నంబర్ అదే. రీచార్జ్ మాత్రం మేనేజరే చేయించుకోవాలి. బిల్లు పెడితే ఇస్తారు, యజమానిగారు సంతకం పెట్టాక.