డ్యామ్ కూల్చడం తేలికే, వెనకున్న పూడిక సంగతేంటి?

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర రాజధాని ఆగస్టాలో, కెన్నెబెక్ నదిపై 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ డ్యామ్‌ ఇచ్చిన కరెంటు 3.5 మెగావాట్లే. లైసెన్సు పొడిగించమని యజమాని అడిగితే ఫెడరల్ నియంత్రణ సంస్థ 1997లో ఒప్పుకోలేదు, తొలగించమంది. 1999లో కూల్చారు. తర్వాతి ఏళ్లలో సముద్రం నుంచి చేపలు లక్షల్లో ఎదురెక్కాయి.

నగరాల్లోని వాగుల మీద ఇంతకంటే పనికిరాని కట్టలున్నాయి. మరలు తిప్పడానికి కట్టారు, మరలు ఎప్పుడో మూతపడ్డాయి. ‘ఉంటే నష్టమేంటి?’ అంటారు. నష్టమే. నిలిచిన నీరు ఎండకు వేడెక్కుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. వరదను ఆపుతాయన్నది భ్రమ. ఎప్పుడూ నిండుగా ఉండే కట్టకు వరదను పట్టుకునే చోటెక్కడిది?

ఎత్తు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకునే కట్టలే ఎక్కువ ప్రాణాలు తీస్తాయి. పైనుంచి దూకిన నీరు కింద గుండ్రంగా తిరిగి, మనిషిని మళ్లీ కట్ట వైపే లాగుతుంది. నీటి నిండా గాలి బుడగలు, తేలడం కష్టం. లైఫ్ జాకెట్ ఉన్నా భరోసా లేదు. బాల్టిమోర్ దగ్గర పటాప్స్కో నదిపై 1907 నాటి బ్లీడ్ డ్యామ్‌ను 2018లో తీసేయడానికి ఈ మునకలు కూడా ఒక కారణం.

అలాగని రేపే పొక్లెయిన్ పంపమనడం లేదు. హడ్సన్ నదిపై ఫోర్ట్ ఎడ్వర్డ్ డ్యామ్‌ను 1973లో తీసేశారు. జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలు వదిలిన పీసీబీ అనే విష రసాయనం దాని వెనక పూడికలో పేరుకుని ఉంది. కట్ట పోగానే అందులో చాలా భాగం దిగువకు కొట్టుకుపోయింది. నది అడుగు నుంచి తవ్వితీసే పెద్ద పని 2009లో గానీ మొదలవలేదు! ఒహాయోలోని కయాహోగా నదిపై కథ వేరు. అక్కడ రెండు కట్టలు 2013లో పోయాయి. దిగువనున్న గోర్జ్ డ్యామ్ మాత్రం వెంటనే కూలలేదు. దాని వెనక కలుషిత పూడిక ఉంది కాబట్టి ముందు దాన్ని ఎత్తేశాకే కట్ట జోలికి వెళ్లాలని నిర్ణయించారు. ఆలస్యమే, కానీ సరైన వరస.

చెరువులా కనిపించే నీళ్లు పోతాయని ఒడ్డున ఇళ్లున్నవాళ్లు బాధపడతారు. సహజం. అయితే అసలు పేచీ డబ్బు దగ్గర. మర యజమాని ఎప్పుడో పోయాడు, కట్ట నగరం నెత్తిన పడింది. కొత్త డ్యామ్‌కు లైసెన్సు ఇచ్చే రోజే దాన్ని తీసేసే ఖర్చు, పూడిక ఖర్చుతో కలిపి, యజమాని చేత డిపాజిట్ కట్టించాలి. పాతవాటికి పూడిక పరీక్ష బిల్లు ముందు, కూల్చివేత టెండరు తర్వాత.