సేవకు సెలవు ఉంటుందా?

(కర్నూలు జిల్లాలో బాల్యవివాహాలు ఆపే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఆఫీసు. నాలుగేళ్లు ఊళ్లు తిరిగిన అమ్మాయి రాజీనామా కాగితం టేబుల్ మీద ఉంది. నా మనసు కోఆర్డినేటర్ వైపే ఉంది. అయితే డైరెక్టర్ మాటల్లో అబద్ధమేమీ లేదు.)

డైరెక్టర్: ఇంత పనిమంతురాలు ఇలా వదిలేసి వెళ్తుందనుకోలేదు తమ్ముడూ. మా రోజుల్లో జీతమే లేదు. బస్సు లేకపోతే నడిచి వెళ్లేవాళ్లం. అలసట అన్న మాటే ఎత్తలేదు.

కోఆర్డినేటర్: ఎత్తలేదు అక్కా, కానీ అలసిపోలేదా? మీతో మొదలుపెట్టిన ఎనిమిది మందిలో ఇప్పుడు మిగిలింది మీరొక్కరే.

డైరెక్టర్: ఎవరి ఇబ్బందులు వాళ్లవి. పనిచేసి చేసి మనసూ ఒళ్లూ చితికిపోవడం, ఈ బర్నౌట్ గోలంతా ఐటీ కంపెనీల్లో ఉంటుంది. మనకెందుకు?

కోఆర్డినేటర్: ఆ మాటకు పేరొచ్చిందే మనలాంటి చోట. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు 1974లో దాని గురించి రాసింది, ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లలో వాలంటీర్లను చూసి. ప్రాణం పెట్టి పనిచేసేవాళ్లకే ఆ ముప్పు ఎక్కువన్నాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని జబ్బు అనలేదు, పనిచేసే చోట పుట్టే సమస్య అంది. మరి మనం ఆ అమ్మాయిలో లోపం వెతకడమెందుకు?

డైరెక్టర్: మాఘమాసంలో తెల్లవారుజామున 3 గంటలకు ముహూర్తం పెడతారు. పదిహేనేళ్ల పిల్ల మెడలో తాళి పడబోతుంటే, పొద్దున రండి అందామా?

కోఆర్డినేటర్: అనొద్దు. కానీ ఇలాంటి పెళ్లిళ్ల కబుర్లు వచ్చే ఆ ఫోను నాలుగేళ్లుగా ఆ ఒక్క అమ్మాయి తలగడ కిందే ఎందుకుంది? పోయిన నెల రాత్రి ఒంటిగంటకు వెళ్లి, పోలీసులు వచ్చేదాకా పెళ్లి పందిట్లో తిట్లు తింటూ నిలబడింది. పిల్ల మేనమామ మీదికి చెయ్యెత్తాడు. పెళ్లి ఆగింది. పొద్దున పదింటికి మనం అడిగిందేమిటి? రిపోర్టు, ఫొటోలు. అన్నం తిన్నావా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అప్పటి నుంచి ఫోను మోగితే చేతులు వణుకుతున్నాయంది. వారం తర్వాత ఆ పిల్లకే పక్క జిల్లాలో గుట్టుగా పెళ్లి చేసేశారని తెలిసింది. ఏడవలేదు అక్కా. 'సరేలే' అంది. ఆ మాటకే నాకు భయం వేసింది.

(డైరెక్టర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు.)

డైరెక్టర్: ఇదంతా నాకెవరూ చెప్పలేదు. పోయినేడు యోగా క్లాసు కూడా పెట్టించాను కదా.

కోఆర్డినేటర్: ఆదివారం పొద్దున పెట్టించారు. ఉన్న ఒక్క సెలవూ దానికే పోయింది.

డైరెక్టర్: మరి డబ్బెక్కడిది? విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ విరాళాల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు 50 ఉండేది.

కోఆర్డినేటర్: ఆ ఇరుకు నిజమే. కానీ నేనడిగేవాటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు. ఐదుగురం ఉన్నాం, ఫోను వంతులవారీగా తిప్పుదాం. రాత్రి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. వెళ్లొచ్చినవాళ్లకు అడగకుండానే మర్నాడు సెలవు. రిపోర్టు కంటే ముందు ఓ అరగంట కూర్చుని మాట్లాడుకోవాలి. జీపు డీజిల్‌కు రాసినట్టే, కౌన్సెలర్ ఫీజుకు కూడా దాతలకు పంపే ప్రపోజల్‌లో ఒక లైను రాసి అడుగుదాం. అది వచ్చేదాకా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డైరెక్టర్: ముహూర్తాల నెల దాటేదాకా పెద్ద సెలవులు ఇవ్వలేను. వంతులు మాత్రం రాయి. ఆ అమ్మాయిని ఒకసారి రమ్మను.

కోఆర్డినేటర్: రమ్మనొద్దు, మనమే వెళ్దాం. ఉద్యోగం మాట ఎత్తొద్దు.

డైరెక్టర్: సరే. ఈ రాత్రి ఫోను ఎవరి దగ్గర?

కోఆర్డినేటర్: నా దగ్గర. గురువారం మీ వంతు అక్కా.