సవరణ: వంతెన స్క్రూల గురించి

మొన్న మిషిగన్‌లో మా లేక్ హౌస్ దగ్గర కాలువ మీద చెక్క వంతెన బాగుచేసిన ఫోటోలు పెట్టి, పుచ్చిపోకుండా మందు పట్టించిన ట్రీటెడ్ కలపకి జింక్ పూత ఉన్న స్క్రూలు ఏవైనా చాలు అని రాశాను కదా, అది తప్పు. 2004 నుంచి ఇక్కడ ఇళ్లకి అమ్మే కలపలో ఆర్సెనిక్ మందు పోయి ఎక్కువగా రాగి మందులే వచ్చాయి, తడి తగిలితే ఆ రాగి పల్చటి జింక్ పూతని, దాని వెనకాలే ఇనుముని తినేస్తుంది. నిన్న ఒక పాత పలక ఊడదీస్తే స్క్రూ మెడ దగ్గర అగ్గిపుల్లంత సన్నబడి, చేత్తో వంచగానే విరిగింది. హాట్‌డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింక్‌లో ముంచి మందంగా పూత పట్టించినవి) గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ వాడాలి, స్క్రూలు ఒక రకం, చెక్కల్ని కలిపే లోహపు బ్రాకెట్లు ఇంకో రకం పెట్టి రెండూ కలపకూడదు. ఆ బ్రాకెట్లు తయారుచేసేవాళ్ల సూచనల్లోనే ఇదంతా ఉంది, నేనే చదవకుండా రాశాను. నా మాట విని ఆ స్క్రూల డబ్బాలు కొన్నవాళ్లు, బిల్లు ఉంటే తిరిగి ఇచ్చేయండి.