అడ్రసుల దానకర్ణుడు

నల్లగొండలోని ఒక డిగ్రీ కాలేజీలో నెట్‌వర్కింగ్ పాఠం చెప్పేది నేనే కనుక, నిన్న జరిగినదానికి తెలియక చేశాననే సాకు కూడా నాకు లేదు. స్టాఫ్ రూములో వైఫై అందడం లేదని, ఇంట్లో మూలపడిన పాత రౌటరు తెచ్చి, గోడ నుంచి వచ్చే కేబుల్ దానికి తగిలించి, క్లాసుకు వెళ్లాను. ఆనాటి పాఠం డీహెచ్‌సీపీ, అంటే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకు అడ్రసులు పంచే పద్ధతి.

నెట్‌వర్క్‌లోకి కొత్తగా వచ్చిన కంప్యూటరుకు తన ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో తన ఇంటి నంబరు, తెలియదు, ఎవరిని అడగాలో కూడా తెలియదు, అందుకే యూడీపీ మీద, అంటే చేరిందో లేదో చూసుకోకుండా కబురు పంపేసే పద్ధతిలో, అడ్రసులిచ్చే సర్వరు చెవి ఒగ్గి ఉండే 67వ పోర్టు అనే ద్వారానికి, "అడ్రసు ఇచ్చేవారున్నారా?" అని ఊరంతా వినబడేలా దండోరా వేస్తుంది. ఆ సర్వరు ఒక అడ్రసు చూపుతుంది, కంప్యూటరు అదే కావాలంటుంది, సర్వరు సరేనంటుంది. బస్టాండు దాటగానే "గడియారం సెంటర్, గడియారం సెంటర్" అని ముందుగా కేకవేసినవాడి ఆటో ఎక్కినట్టు, చాలా కంప్యూటర్లు ముందొచ్చిన జవాబునే నమ్ముతాయి. ఆటోవాడిని లైసెన్సు చూపమని అడిగే అలవాటు వాటికి లేదు. ఈ ఉపమానం నాకే ఎంతగా నచ్చిందంటే, ఆటో బొమ్మ గీసి, దానికి మూడో చక్రం కూడా పెట్టాను. "దొంగ సర్వరు ముందుగా పలికితే సార్?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. "మన కాలేజీలో అంత పనిలేనివాడెవడమ్మా?" అన్నాను, క్లాసంతా నవ్వింది.

అప్పటికే పక్క ల్యాబులో ఇంటర్నెట్ పోయి, పరీక్ష ఫీజు కట్టే పిల్లలు వరుసలో నిలబడ్డారు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేస్తే, రౌటరు ఆపి మళ్లీ వేయమన్న రికార్డు తప్ప మనిషి పలకలేదు. కబురు పంపే మరో పద్ధతి టీసీపీ అయితే సిన్, సిన్-యాక్, యాక్ అని మూడు మాటల్లో పలకరింపు ముగించి, చేరని సమాచారపు ప్యాకెట్టును మళ్లీ పంపుతుంది; వీరిది అచ్చమైన యూడీపీ, మన మొర చేరిందో లేదో ఎన్నటికీ చెప్పరు.

నెట్‌వర్క్ బాగుచేయడానికి సాయంత్రం వచ్చిన కుర్రవాడు కేబుల్ పట్టుకొని నేరుగా స్టాఫ్ రూముకు నడిచాడు. "గీ డబ్బ ఎవరిది సార్?" బయటి నెట్‌వర్క్‌కు కలిపే నీలం రంగు వాన్ పోర్టులో పెట్టవలసిన కేబులును నేను, రౌటరు తానే అడ్రసులు పంచే పసుపు లాన్ పోర్టులో పెట్టడంతో, బయటికి దారే లేని నా రౌటరు ఉదయం నుంచీ ల్యాబంతటికీ అడ్రసులు దానం చేస్తూ కూర్చుంది.

ఫిర్యాదు పుస్తకంలో 'కారణం' దగ్గర ఏమి రాయాలని అడిగాడు. పిడుగు అని రాయమన్నాను. అతడు కిటికీలోంచి ఆకాశం చూసి, "ఎండలు మండుతున్నయి గద సార్" అన్నాడు.