“నాటకమాడుతున్నాడు” అన్న మాట గురించి

నార్త్ కరొలైనాలో మాకు దగ్గరలో ఉండే ఒక తెలుగు చెల్లెలు కిందటి నెల ఫోన్ చేసి, “అక్కా, మా వాడు బడికి వెళ్ళనంటున్నాడు, గదిలోంచి బయటికి రావడం లేదు. పిల్లల్ని అడవిలో రెండు మూడు నెలలు ఉంచి దారికి తెచ్చే చోట్లు ఉన్నాయట, పంపమంటావా?” అని అడిగింది. ఇక్కడి మన ఇళ్ళలో గుట్టుగా చాలామందిని తొలుస్తున్న ప్రశ్న ఇది కనుక, ఆమెకు చెప్పిన జవాబునే ఇక్కడ రాస్తున్నాను.

అడవి మీద నాకు ఏ అనుమానమూ లేదు. కర్ట్ హాన్ అనే విద్యావేత్త 1941లో వేల్స్‌లో ఔట్‌వార్డ్ బౌండ్ అనే ఆరుబయటి శిక్షణ బడిని ప్రారంభించినప్పటి నుంచి, కష్టమైన నడకా ఆరుబయట బతుకూ కుర్రవాళ్ళకు ధైర్యాన్నిస్తాయన్న నమ్మకం బలపడుతూనే వచ్చింది, దానిని నేనూ నమ్ముతాను. నా అభ్యంతరమంతా పిల్లవాణ్ణి అక్కడికి తీసుకువెళ్ళే పద్ధతి మీద, అక్కడ అతని మాటకు దక్కే విలువ మీద.

అర్ధరాత్రి ఇద్దరు కొత్త మనుషులు పడకగదిలోకి వచ్చి, పిల్లవాణ్ణి లేపి కారెక్కించుకుపోయే ఏర్పాటు ఈ దేశంలో ఉంది. దానికి తల్లిదండ్రుల సంతకం చాలు. ఫోన్ తీసేసుకుంటారు, ఆపైన ఉత్తరాలే దిక్కు. ఇంటికి తీసుకుపొమ్మని పిల్లలు రాస్తే నమ్మవద్దని, అవి మిమ్మల్ని లొంగదీసుకునే ఎత్తులని చాలా చోట్ల తల్లిదండ్రులకు ముందే నూరిపోస్తారు. అంటే పిల్లవాడు నోరు తెరవకముందే అతని మాట అబద్ధమని తేల్చేసినట్టే కదా!

1994లో యూటా ఎడారిలోని అలాంటి ఒక శిబిరంలో 16 ఏళ్ళ కుర్రవాడు కడుపునొప్పితో రోజుల తరబడి అల్లాడుతుంటే, నాటకమాడుతున్నాడనే అక్కడి సిబ్బంది అనుకున్నారు. చివరికి కడుపులో పుండు చిల్లుపడి చనిపోయాడు. ఇలాంటి ప్రైవేటు శిబిరాల్లో, కేంద్రాల్లో జరిగిన 10 మరణాలను అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2007లో పరిశీలించి నివేదిక ఇచ్చింది. అయినా 2024 ఫిబ్రవరిలో మా రాష్ట్రంలోనే, లేక్ టాక్సవే దగ్గర, 12 ఏళ్ళ పిల్లవాడు శిబిరానికి వచ్చి ఒక రోజైనా గడవకముందే, కదిలితే మోగే అలారం అమర్చిన చిన్న గుడారపు సంచిలో ఊపిరాడక ప్రాణం విడిచాడు. ఆ తల్లిదండ్రులను తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది కానీ, అది ప్రధానంగా అధ్యయనానికే తప్ప ఏ శిబిరాన్నీ మూయించేది కాదు.

కిందటి శరదృతువులో ఆ చెల్లెలి కుటుంబంతో కలిసి మేము హ్యాంగింగ్ రాక్ పార్కులో రెండు రాత్రులు గుడారం వేసుకున్నాము. తడిసిన కట్టెలతో గంటసేపు పెనుగులాడి, కళ్ళనిండా పొగతో ఆ పిల్లవాడే నిప్పు రాజేశాడు. తరువాత ఎవరూ అడగకుండానే, బడికి బయలుదేరే వేళకు గుండె దడదడలాడుతుందని వాళ్ళమ్మతో చెప్పాడు. కారు ముప్పై అడుగుల దూరంలో ఉంది, తాళం బల్ల మీదే ఉంది, వెళ్ళిపోదామంటే వెళ్ళిపోతామని వాడికి తెలుసు. ఆ ధైర్యంతోనే వాడు నోరు విప్పాడని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే ఆమెకు రెండే మాటలు చెప్పాను. ముందు ఆ గుండెదడ గురించి పిల్లల వైద్యుడికి చూపించమన్నాను. శిబిరం వాళ్ళను మాత్రం ఒక్క ప్రశ్న అడగమన్నాను: మొదటి రాత్రి మా వాడు, పక్కన ఎవరూ లేకుండా, నాతో ఫోన్‌లో మాట్లాడవచ్చునా? కుదరదన్నారట. ఆమె ఆ ఫారం మీద సంతకం పెట్టలేదు.